ముద్ర వేసిన చెయ్యి

హెర్లిందా తండ్రితో మాట్లాడి మూడు రోజులైంది.

గురువారం జిల్లా పట్నంలో పార్టీ ఆఫీసులో జరిగింది ఎవరూ మరిచిపోయి ఉండరు. కొండ ఊళ్లకని చట్టం పట్టుబట్టి ఇప్పించిన ఒకే ఒక్క శాసనసభ సీటు అది. కొలువు చేసిన మావాడేనని ఊరు ముద్ర వేసి కాగితమిస్తేనే దానికి నిలబడగలరు. నవంబరులో పార్టీ ఆ సీటుకి హెర్లిందా మన్సానో పేరు ప్రకటించింది, మెడలో పూలదండ కూడా వేసింది. జనవరిలో జాబితా బయటికొస్తే ఆమె పేరున్న చోట బెర్నార్దో ఒల్మేదో పేరుంది. కోత మిల్లు ఒల్మేదో గారి రెండో కొడుకు. సాన్ ప్లాసిదో కొండ మీది పైన్ చెట్లన్నీ వాళ్ల లారీలెక్కే కిందికి దిగాయి. "అతను ఏ కొండవాడండీ?" అని హెర్లిందా నిలదీస్తే, పార్టీ లాయరు వియానా చిరునవ్వు చెరగకుండా బల్ల మీద ఒక కాగితం పడేశాడు. బెర్నార్దో సాన్ ప్లాసిదో బిడ్డే, ఊరి కొలువు చేశాడు, ఊరిపనికి వచ్చాడు, ఊరి నమ్మకం పొందాడు అని ఉంది అందులో. కింద ఊరి ముద్ర. ముద్ర పక్కన వణుకుతున్న అక్షరాలతో, మొన్న డిసెంబరు దాకా ఊరి పెద్దగా ఉన్న మనిషి సంతకం.

క్రిసోఫరో మన్సానో. హెర్లిందా తండ్రి.

ఈ మూడు రోజులూ ఆమె రొట్టెలు కాల్చి ఆయన ముందు పెట్టింది, ఆయన తలవంచుకుని తిన్నాడు. ఎందుకు చేశావని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అభ్యంతరం చెప్పుకోవడానికి ఎన్నికల కార్యాలయం ఇచ్చిన గడువు సోమవారం మధ్యాహ్నం. ఈలోగా బెర్నార్దో మావాడు కాదని ఊరి సభ రాసిస్తే సీటు తిరిగి ఆమెకొస్తుంది. రాసివ్వకపోతే యాభై ఏళ్లుగా ఈ కొండకి ఎన్నికలప్పుడు టోపీలూ సిమెంటు బస్తాలూ పంపిన పార్టీ, ఇప్పుడు కొండ పేరు మీదే కోత మిల్లువాణ్ణి శాసనసభకి పంపిస్తుంది.

ఆదివారం ప్రార్థన అయిపోగానే చావడి గంట కొట్టారు.

చావడి నిండిపోయింది. మగవాళ్లు బల్లల మీద, ఆడవాళ్లు గోడ వెంబడి చాపల మీద. ముందు బల్ల వెనక ఈ ఏటి ఊరి పెద్ద ఎవారిస్తో, పక్కన తీర్మానాల పుస్తకంతో గుమాస్తా. బల్ల మీద పెద్దరికపు కర్ర, దాని పక్కన ఎర్రగుడ్డలో చుట్టిన ముద్ర. పాత పెద్దలు కూర్చునే వరసలో క్రిసోఫరో చివరికి జరిగి కూర్చున్నాడు. టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని దాని అంచు తిప్పుతూనే ఉన్నాడు.

పిలవని పేరంటానికి లాయరు వియానా కూడా వచ్చాడు. వెంట బెర్నార్దో. తోలు బూట్లు, తెల్ల చొక్కా, దాని మీద ఎంబ్రాయిడరీ చేసిన ఊరి ఉత్తరీయం. అది ఆడవాళ్లు వేసుకునేది. పట్నం బజారులో అమ్మేవాడు చెప్పి ఉండడు. చాపల మీద ఒక నవ్వు మొదలై చివరి దాకా పాకింది.

"మా చిన్న కోడలు పెళ్లికి అలాంటిదే వేసుకుంది," అంది నిసేఫరా అత్త పైకే. ఆవిడకి ఎనభై దాటాయి. కొండ మీద అందరికీ ఆవిడ అత్తే. "బాబుకి బాగానే నప్పింది. సంబంధం చూడమంటారా?"

బెర్నార్దో చెవులు ఎర్రబడ్డాయి. ఉత్తరీయం తీసేద్దామా ఉంచుదామా తేలక చేతులు భుజాల దాకా వెళ్లి వెనక్కొచ్చాయి.

ఎవారిస్తో కర్రతో నేల మీద తట్టాడు. "హెర్లిందా, సభ పెట్టమంది నువ్వు. చెప్పమ్మా."

హెర్లిందా లేచి కాగితం నకలు తీసింది. మూడు రోజులుగా గొంతులో పేరుకున్నదంతా మాటల్లోకి దిగింది.

"బెర్నార్దో ఒల్మేదో మన ఊళ్లో తోపిల్‌గా చేశాడట. రాత్రుళ్లు వీధి కాపలా కాశాడట, తగాదా పడ్డవాళ్లని చావడి కొట్లో పెట్టాడట. ఇక్కడ కూర్చున్న మగాళ్లలో ఆ కొలువు చెయ్యనివాళ్లెవరు? ఏ ఏడు చేశాడో, ఎవరి జతలో చేశాడో చెప్పండి. నువ్వు చెప్పు బెర్నార్దో. నీ జోడీ ఎవరు?"

"అవన్నీ కాగితంలో ఉన్నాయి," అన్నాడు బెర్నార్దో.

"నిన్నడిగితే కాగితాన్ని చూపిస్తావేం? కాపలా కాసింది నువ్వా, కాగితమా?"

జనం గొల్లుమన్నారు. వెనక బల్ల మీంచి ఎవరో కేకేశారు: "మా చెట్లకి కాపలా కాశాడులే! లారీ ఎక్కేదాకా!"

"నవ్వండి, నవ్వండి," అంటూ లేచాడు వియానా. నోట్లో నాలుక లేనట్టు మెత్తగా మాట్లాడే మనిషి, కానీ ఆ మెత్తదనంలోనే కత్తి ఉంటుంది. "నేనొక్క మాట అడుగుతాను, పెద్దలు చెప్పండి. ఈ ముద్ర మీదా, కాదా?"

ముందు వరసల చూపులన్నీ బల్ల మీది ఎర్రగుడ్డ మీదికి పోయాయి.

"మీదే. దొంగ ముద్ర అని మీ అమ్మాయి కూడా అనడం లేదు. మరి మీ ముద్ర అబద్ధం చెబుతుందా? చెబుతుందంటే సంతోషం. రాసివ్వండి, నేనే కోర్టుకి తీసుకెళతాను. కొండ మీది అడవి మాదేనని ఒల్మేదో గారి మీద కేసు వేశారు కదా? దానికి పెట్టిన పదహారు కాగితాల మీద ఉన్నది కూడా ఈ ముద్రే. ఒక కాగితం అబద్ధమైతే మిగతావి నిజమని జడ్జి ఎందుకు నమ్మాలి?"

నవ్వులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. హెర్లిందాకి ఒళ్లు మండింది. పార్టీ మహాసభలో ఇదే మనిషి ఆమె భుజం తట్టి, "మీలాంటివాళ్లు లోపలికి రావాలమ్మా, అప్పుడే పార్టీకి నిండుదనం" అన్నాడు. ఆ రోజు ఫోటోలకి ఆమెని ముందు వరసలో నిలబెట్టారు. ఫోటోలైపోయాక కుర్చీ దొరక్క ఆమె గోడకి ఆనుకుని సభ చూసింది.

"మమ్మల్ని బెదిరించడానికొచ్చారా లాయరు గారూ?"

"గుర్తు చెయ్యడానికొచ్చాను. ఇంతకీ నువ్వు చేసిన కొలువేంటమ్మా? ఏడేళ్లు పట్నంలో చదువుకున్నావు. ఊరిపనికి ఎన్నాళ్లొచ్చావు?"

"నా సంగతి మీకెందుకు? చదువైపోయి వచ్చాక నాలుగేళ్లు ఆడవాళ్లని కూడగట్టి మీ లారీలకి అడ్డం పడుకున్నాను. నేను ఊరిబిడ్డనన్న నా కాగితం చాటుగా రాయించుకున్నది కాదు. నేను పార్టీ పని మీద పట్నంలో ఉన్నా, డిసెంబరు సభలో ఊరంతా చేతులెత్తి ఇచ్చింది!"

ఆ మాటకి చావడి హోరెత్తుతుందనుకుంది. హోరెత్తలేదు. ముందు బల్లల మీది మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిసేఫరా అత్త ఒళ్లోని దారపు ఉండని సవరించుకుంది. అడవి కేసు మాటతో ఇంకా బెదిరి ఉన్నారులే అనుకుంది హెర్లిందా.

అప్పుడు లేచింది నిసేఫరా అత్త. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక్కో మోకాలూ నిలబెట్టుకుంటూ లేచింది.

"లాయరు బాబు చెప్పింది నిజమే. మన ముద్ర అబద్ధం చెప్పదు," అంది. "ముద్ర పడిందంటే ఈ అబ్బాయి మనవాడే. కాదనడానికి మనమెవరం?"

"అత్తా!" అంది హెర్లిందా.

"ఉండవే. నన్ను మాట్లాడనీ. మనవాడైతే మనవాడిలాగే చూడాలా, వద్దా? ఎవారిస్తో, ఈ ఏటికి తోపిల్‌లు ఎంతమంది కావాలి?"

ఎవారిస్తోకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక మీసం కింద పెదాలు వణికాయి. పెద్ద మనిషి గనక నవ్వలేదు. "ఎనిమిది మందత్తా. ఏడుగురే దొరికారు."

"మరింకేం! దేవుడే పంపాడు ఎనిమిదోవాణ్ణి. ఏడాది కొలువు, జీతం లేదు, ఇవాళ పొద్దుగూకే సరికి చావడిలో ఉండాలి. కొలువులో ఉన్నవాడు పెద్ద అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ప్రచారానికని కొండ దిగుతానంటే కుదరదు బాబూ, రాత్రి కాపలా ఎవరు కాస్తారు? మేకలు పొలాల్లో పడితే ఎవరు తోలతారు?"

ఈసారి చావడి హోరెత్తింది. చాపల మీద ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "ఇవ్వండి కర్ర! ఇవ్వండి!" అని కేకలు. ఎవారిస్తో మూలనున్న కాపలా కర్రల్లోంచి ఒకటి ఏరి, రెండు చేతులా పట్టుకుని బెర్నార్దో ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బెర్నార్దో ఒల్మేదో! సాన్ ప్లాసిదో సభ నిన్ను ఈ ఏటి తోపిల్‌గా పేరు పెట్టింది. పుచ్చుకో నాయనా. ఊరిచ్చిన కొలువు కాదన్నవాడు ఊరివాడు కాడు. ఇది మా తాతల నాటి మాట."

వియానా బెర్నార్దో చెవిలో ఏదో చెప్పాడు. తీసుకో, తర్వాత చూసుకుందాం అనే చెప్పి ఉంటాడు. తెలివైనవాడు. కానీ బెర్నార్దోకి అంత తెలివుంటే ఆ ఉత్తరీయం వేసుకుని ఎందుకొస్తాడు? నవ్వులు చెవుల్లో మోగుతున్నాయేమో, కర్రని చేత్తో ఒక్క తోపు తోశాడు. అది నేల మీద దొర్లింది.

"మీ మేకలు కాయడానికి పుట్టలేదు నేను! పనీపాటా లేని కొండజాతి..." అని మొదలెట్టి, వియానా జబ్బ పట్టుకుంటే ఆగాడు. ఉత్తరీయం లాగి బల్ల మీద విసిరి జీపు దగ్గరికి నడిచాడు.

నవ్వులు లేవు ఇప్పుడు. కర్ర నేల మీద పడటం ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎవారిస్తో వంగి కర్ర తీసి, చొక్కా అంచుతో తుడిచి, యథాస్థానంలో పెట్టి వచ్చాడు. గుమాస్తాతో అన్నాడు: "రాయి. ఊరు కొలువిచ్చింది. అతను కాదన్నాడు. అందుచేత అతను మనవాడు కాడు."

గుమాస్తా కలం కాగితం మీద కదులుతుంటే హెర్లిందాకి కళ్లు చెమర్చాయి. ముద్ర అబద్ధమనకుండానే, అడవి కేసుకి చిల్లు పడకుండానే పని జరిగిపోయింది. రేపు పొద్దున మొదటి బస్సెక్కి ఈ తీర్మానం ఎన్నికల కార్యాలయంలో ఇస్తే సీటు ఆమెది.

అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆమె చూపు పాత పెద్దల వరస చివర తండ్రి మీద పడింది. ఆయన ఊపిరి పీల్చుకుని, టోపీ తల మీద పెట్టుకోబోతున్నాడు. అంతా అయిపోయినట్టు. ఆయన చేసింది ఎవరూ అడగక్కర్లేనట్టు.

"ఇంకా ఉంది," అంది హెర్లిందా. "ఆ కాగితం దానంతటది ముద్ర వేసుకోలేదు. వేసిన చెయ్యి ఈ చావడిలోనే ఉంది. ఆ చెయ్యి ఎందుకు వేసిందో ఊరికి చెప్పాలి."

క్రిసోఫరో టోపీ మళ్లీ దించాడు. ఆయన నీళ్లు నమిలే మనిషి కాదు. లేచి నిలబడి చెప్పాడు.

"డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం ఒల్మేదో వాళ్లు వచ్చారు. రెండు మెస్కాల్ సారా సీసాలు, రొట్టెలు, సిగరెట్లు తెచ్చారు. గుమ్మం బయట టోపీ తీసి నిలబడ్డారు, మన పద్ధతి ఎవరు నేర్పారో గానీ. చెట్లు కొట్టినందుకు తప్పు ఒప్పుకోడానికి వచ్చారనుకున్నాను. గ్లాసు అందుకుని తాగాను. తాగాక అడిగారు."

అందరికీ అర్థమైంది. కోరిక మీద వచ్చినవాడి గ్లాసు తాగితే మాట ఇచ్చినట్టే. అడిగాక తాగాలి, తాగాక అడిగించుకోకూడదు. పదేళ్ల పిల్లకి తెలిసిన సంగతి ఊరి పెద్దకి తెలియకపోలేదు. ఒల్మేదో తల వంచడం చూడాలన్న ఆశ ఆయన చేత ఆ తప్పు చేయించింది. ఒకరిద్దరు ముసలివాళ్లు "అయ్యో" అన్నారు.

"కక్కెయ్యాల్సింది నాన్నా!" అంది హెర్లిందా. "పద్ధతి, పద్ధతి అంటూ మన కొంప మనమే అమ్ముకుంటుంటే పద్ధతి ఏం చేసుకుంటాం? మూడు రోజులుగా నీ మొహం చూడలేక చస్తున్నాను. రేపు ఇంకో పెద్ద, ఇంకో సీసా. అందుకే ఇవాళే తీర్మానం రాయించాలి. పార్టీలకీ సీట్లకీ ఇచ్చే కాగితం ఏదైనా సరే, ఈ సభలో పెట్టకుండా ముద్ర వేసి ఉంటే చెల్లదు. ఇచ్చినవీ చెల్లవు, ఇవ్వబోయేవీ చెల్లవు."

"చాలమ్మా," అన్నాడు క్రిసోఫరో. "నీ పనైపోయింది కదా. ఇక చాలు. ఇంటికి పోదాం పద."

"ఎందుకు చాలు? నీ పరువు కోసమా?"

"నా పరువు కోసం కాదు."

"మరెందుకు?"

మళ్లీ చాప మీద కూర్చున్న నిసేఫరా అత్త హెర్లిందా గౌను అంచు పట్టుకుని లాగింది. "తల్లీ, నా మాట విను. కడుపు నిండాక కుండ గోకకూడదు. కూర్చో."

హెర్లిందా అంచు విడిపించుకుంది. "చేతులెత్తండి! ఎవరెవరు ఒప్పుకుంటున్నారో ఎత్తండి!" అంటూ ముందు తనే చెయ్యెత్తింది.

కర్ర నేల మీద పడ్డ కోపం జనంలో ఇంకా చల్లారలేదు. కుర్రవాళ్ల చేతులు లేచాయి, వెనక బల్లలు లేచాయి, తర్వాత తటపటాయిస్తూ ముందు వరసలు. ఆడవాళ్లలో సగం మంది ఎత్తారు. నిసేఫరా అత్త చేతులు రెండూ దారపు ఉండ మీదే ఉన్నాయి. గుమ్మం దాకా వెళ్లిన వియానా వెనక్కి తిరిగి, చేతులు లెక్కపెడుతున్న ఎవారిస్తోని చూస్తూ నిలబడ్డాడు.

"నెగ్గింది," అన్నాడు ఎవారిస్తో. ఆ అనడంలో సంతోషం లేదు. పెద్దరికపు కర్ర తీసి క్రిసోఫరో ముందుకి చాపాడు. "బాబాయ్, తప్పదు. కర్ర పట్టుకుని చెప్పు. సభలో పెట్టకుండా అలాంటి కాగితాలు ఎన్నిటికి ముద్ర వేశావు?"

ఆ కర్ర పట్టుకుని అబద్ధమాడినవాణ్ణి ఆ ఊరి స్మశానం కూడా రానివ్వదంటారు. క్రిసోఫరో టోపీ బల్ల మీద పెట్టి రెండు చేతులతో కర్ర అందుకున్నాడు. కూతురి వైపు చూశాడు. మూడు రోజుల తర్వాత ఆమె కూడా ఆయన మొహం చూసింది. అందులో సిగ్గు ఉంటుందనుకుంది. లేదు. జాలి ఉంది.

"రెండిటికి," అన్నాడు.

గుమాస్తా తలెత్తాడు. "ఒకటి ఒల్మేదోది. రెండోది?"

"డిసెంబరు సభలో పెడదామనే లేచాను. నోరు విప్పితే ఏడేళ్ల కొలువు ఎక్కడని అడుగుతారని తెలుసు. నలుగురిలో నా బిడ్డని అడిగించడం ఇష్టం లేక కూర్చున్నాను. మర్నాడు పొద్దున వంటింట్లో కూర్చుని ముద్ర వేశాను. కొలువు చేసిందని రాశాను. ఆ సాయంత్రమే వీళ్లు సీసాలతో వచ్చారు." ఆయన గొంతు తగ్గింది. "కక్కెయ్యాల్సింది అన్నావు తల్లీ. ఎలా కక్కను? పొద్దున అబద్ధానికి ముద్ర వేసిన చెయ్యి, సాయంత్రం వద్దని ఎలా అంటుంది?"

చావడిలో ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఇందాక మొహాలు చూసుకున్నది ఎందుకో, అత్త అంచు లాగింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఊరంతటికీ తెలుసు. ఆమె గెలవాలని ఊరంతా నోరు మూసుకుంది. సంచిలో ఉన్న తన కాగితం మీది తారీకు ఆమెకి కంఠతా వచ్చు. డిసెంబరు ఇరవై తొమ్మిది. సభ జరిగింది ఇరవై ఎనిమిదిన. పార్టీ వాళ్లకి నకళ్లు తీయించినప్పుడల్లా చూసింది, సభ మర్నాడు గుమాస్తా తీరిగ్గా రాసి ఉంటాడులే అనుకుంది.

గుమ్మం దగ్గరున్న వియానా నెమ్మదిగా లోపలికొచ్చి, బల్ల మీద బెర్నార్దో విసిరిన ఉత్తరీయం పక్కకి జరిపి, తీరిగ్గా కూర్చున్నాడు. "నాకు కూడా తీర్మానం నకలు ఒకటి ఇప్పించండి," అన్నాడు.

గుమాస్తా కలం కాగితం మీద ఆనించి ఆగాడు. ఎవారిస్తో క్రిసోఫరో చేతుల్లోంచి కర్ర వెనక్కి తీసుకున్నాడు.

"హెర్లిందా, తీర్మానం నీది. రెండో పేరు నువ్వు చెబితేనే రాస్తాం. రాస్తే నీ కాగితమూ చెల్లదు," అన్నాడు. "చెప్పమ్మా. రాయించమంటావా?"

అందరికంటే ముందు ఎత్తిన చెయ్యిని ఆమె ఇంకా దించలేదు.